ఇంట్లో చేసుకునే బ్యాండ్‌సాకు చెక్క ఫ్రేమ్: కొలతల నుంచి మొదటి కోత దాకా

రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే రంపమే బ్యాండ్‌సా. సామిల్లులో దుంగలు కోసే పెద్ద మిషన్ చూసినవాళ్లకు దీని తీరు తెలిసే ఉంటుంది. ఇంట్లో స్టూళ్లు, అరలు, బొమ్మలు చేసుకునేవాళ్లకు 14 అంగుళాల చక్రాలున్నది సరిపోతుంది. బేరింగులు, పుల్లీలు, మోటారు, బ్లేడు బజారులో దొరుకుతాయి. ఇరుసు లేత్ దగ్గర చేయించుకోవచ్చు. వీటన్నింటినీ పట్టి ఉంచే ఫ్రేమ్ మాత్రం మనమే చేసుకోవాలి. మిషన్ నిక్కచ్చిగా కోస్తుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను ఉండేది బెంగళూరులో, యలహంకలో. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక మూల నా వర్క్‌షాప్. మొదటిసారి చేసిన ఫ్రేమ్ పనికిరాకుండా పోయింది. అంటించే రోజు దాన్ని పార్కింగ్ నేల మీదే పరిచి క్లాంపులు బిగించాను. వాన నీళ్లు పోవడానికి ఆ నేలకు రెండు వైపులా వాలు ఉంది. కంటికి తెలియని ఆ వాలు జిగురు ఆరేసరికి ఫ్రేమ్‌లోకి మెలికగా దిగిపోయింది. పై చక్రం ఒకవైపు, కింది చక్రం ఇంకోవైపు చూశాయి. బ్లేడు ఎక్కించి చేత్తో తిప్పితే రెండో చుట్టులోనే జారి కిందపడింది. సగం షీటు ప్లైవుడ్, నాలుగు ఆదివారాలు పోయాయి. రెండో ఫ్రేమ్ ఎలా చేశానో అదే ఇక్కడ రాస్తున్నాను.

హిందూపురం నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు ఎద్దుల బండ్లు చేసేవారు. మేమంతా ఆచారి తాత అంటాం. మెలిక తిరిగిన ఫ్రేమ్‌ను ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "బండి చేసేటప్పుడు మేము ముందుగా ఇరుసు చూసేదప్పా. ఇరుసు నేరుగుంటే మిగతాది దాని ఎనకాల వస్తాది" అన్నారు. ఈ పనిలో ప్రతి దశలోనూ చూడాల్సింది అదే. రెండు ఇరుసులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, బ్లేడు బిగించాక కూడా అలాగే ఉండాలి.

ఫ్రేమ్ మీద ఎంత బరువు పడుతుంది

12 మి.మీ. వెడల్పు, 0.6 మి.మీ. మందం ఉన్న బ్లేడు తీసుకుందాం. పళ్ల లోతు తీసేస్తే లాగుడును మోసే అడ్డుకోత సుమారు 5.7 చదరపు మి.మీ. మామూలు కార్బన్ స్టీల్ బ్లేడు వంకర పోకుండా కోయాలంటే ప్రతి చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్ల దాకా బిగువు ఉండాలి. అంటే బ్లేడు ఒక్కో వైపు 570 న్యూటన్లు, దాదాపు 58 కిలోల బరువు, రెండు వైపులా కలిపి సుమారు 115 కిలోలు. ఇద్దరు మనుషులు పై చక్రానికి వేలాడుతున్నట్టు లెక్క. ఫ్రేమ్ ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో ఉంటుంది, ఒక నిలువు స్తంభం, దాని పైనా కిందా పక్కకు చాచిన రెండు చేతులు. కాబట్టి ఈ బరువు దాని నోరు మూయడానికి చూస్తుంది.

ఈ బరువుకు చెక్క విరుగుతుందేమోనని చాలామందికి టెన్షన్. విరగదు. 150 మి.మీ. వెడల్పు, 90 మి.మీ. మందం ఉన్న స్తంభంలో వంగుడు వల్ల వచ్చే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ చుట్టుపక్కలే ఉంటుంది. ప్లైవుడ్ దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. చూసుకోవాల్సింది వంగడం గురించి. ఈ కొలతలతో పై ఇరుసు దగ్గర ఫ్రేమ్ పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా కదులుతుంది. అదే స్తంభం వెడల్పు 75 మి.మీ.కు తగ్గిస్తే కదలిక రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పు సగమైతే గట్టిదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చెక్క పొదుపు చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, స్తంభం వెడల్పులో వద్దు.

ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. చక్రాలు ఫ్రేమ్ నడిమధ్యలో ఉండవు, దాని ముందు వైపుకు పొడుచుకుని ఉంటాయి. అందుకని బ్లేడు లాగినప్పుడు ఫ్రేమ్ నోరు మూసుకోవడమే కాదు, ముందుకు కూడా వంగుతుంది. దీన్ని ఆపేది మందం. 18 మి.మీ. ప్లైవుడ్‌ను నాలుగు పొరలతో సరిపెట్టకుండా ఐదు పొరలు వేసి అంటించింది ఇందుకే.

టేకా, ప్లైవుడ్డా

మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్‌కు వెళ్తే ఏ కలపైనా కోసి ఇస్తారు. టేకు చూస్తే నాకూ చేయి ఆగదు. కానీ ఈ ఫ్రేమ్‌కు నా ఓటు ప్లైవుడ్‌కే.

ఫ్రేమ్ మూలల్లో నిలువు పట్టీ మీద అడ్డ పట్టీ వెడల్పుగా పరిచి అంటిస్తాం. కలప పొడవులో దాదాపు మారదు కానీ, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. బెంగళూరులో మార్చి గాలికీ ఆగస్టు గాలికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మార్చిలో పెదవులు పగులుతాయి, ఆగస్టులో తలుపులు బిగుసుకుంటాయి. 150 మి.మీ. వెడల్పున్న పలక ఈ రెండు కాలాల మధ్య ఒక మిల్లీమీటరు పైనే మారగలదు. నిలువు పట్టీ ఒక దిక్కుకు, దాని మీది అడ్డ పట్టీ ఇంకో దిక్కుకు కదులుతుంటే మధ్యలో జిగురు ప్రతి ఏడాదీ నలుగుతూ ఉంటుంది. "తేమకు ఉబ్బుతాది, ఎండకు ముడుసుకుంటాది. చెక్కకు దోవ ఇడిసిపెట్టాల" అంటారు తాత. రెండు పలకలను ఎదురెదురు దిక్కుల్లో అంటించి దోవ వదలడం కుదరదు. ప్లైవుడ్‌లో పొరలు ముందే అడ్డదిడ్డంగా అంటి ఉంటాయి కాబట్టి ఏ దిక్కులోనూ పెద్దగా మారదు. టేకు కంటే వంగుడులో కొంచెం మెత్తనే. ఐదో పొర ఆ లోటు తీరుస్తుంది.

18 మి.మీ. షీటు, 8×4 అడుగులది, ఒక్కటి చాలు. ఫ్రేమ్‌కు సగం కూడా పట్టదు. మిగిలిన దానిలో చక్రాలు, టేబుల్ వస్తాయి. షీటు మీద ఐ.ఎస్. (భారత ప్రమాణం) 710 ముద్ర ఉన్నది తీసుకోండి. అది మెరైన్ రకం, 72 గంటలు నీళ్లలో మరిగించే పరీక్షకు నిలిచే జిగురుతో చేస్తారు. బడ్జెట్ కుదరకపోతే ఐ.ఎస్. 303 కింద వచ్చే బి.డబ్ల్యు.ఆర్. గ్రేడు, అంటే మరిగే నీళ్లను తట్టుకునే రకం, తీసుకోవచ్చు. అదే ప్రమాణం కింద ఎం.ఆర్. గ్రేడు, అంటే కాస్త తేమను మాత్రమే తట్టుకునే రకం, కూడా వస్తుంది, దాన్ని ఈ పనికి వద్దు.

కొట్లో షీటు అంచులను నాలుగు వైపులా చూడండి. పొరల మధ్య ఖాళీలు కనబడితే లోపల ఇంకా ఉంటాయి. వేలి కణుపుతో అక్కడక్కడ తట్టండి, డొల్లగా మోగిన చోట పొర ఊడింది. వెర్నియర్‌తో మందం కొలవండి. 18 అని రాసినది 17.5 కూడా ఉండవచ్చు, ఐదు పొరలకు రెండున్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఇరుసు పొడవు చెప్పే ముందు మీ షీటు అసలు మందం తెలిసి ఉండాలి.

ముక్కల కొలతలు

అన్నింటికీ మూలం బ్లేడు పొడవు. 14 అంగుళాల మిషన్లకు బజారులో దొరికేది 2375 మి.మీ., అంటే తొంభై మూడున్నర అంగుళాలు. రబ్బరు పట్టీతో కలిపి చక్రం వ్యాసం 355 మి.మీ. అనుకుంటే దాని చుట్టుకొలత 1115. 2375 నుంచి 1115 తీసేసి సగం చేస్తే 630 వస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం అదే. మీ చక్రం వేరే కొలతైతే ఈ లెక్క మళ్లీ చేసుకోండి, ఆ తర్వాతే రంపం పట్టండి.

ఫ్రేమ్ మొత్తం ఎత్తు 830 మి.మీ., చేతుల పొడవు స్తంభంతో కలిపి 480, చేయి ఎత్తు 200, స్తంభం వెడల్పు 150.

1, 3, 5 పొరలకు, ఒక్కో పొరకు:
- 830×150 నిలువు ముక్క ఒకటి
- 330×200 చేతులు రెండు

2, 4 పొరలకు, ఒక్కో పొరకు:
- 480×200 చేతులు రెండు
- 430×150 నిలువు ముక్క ఒకటి

ఒక పొరలో స్తంభం పై నుంచి కింది దాకా పోతుంది, తర్వాతి పొరలో చేయి ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది. మూలల్లో రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు కుదురుకుంటాయి. ఒక్కో మూలలో 150×200 మి.మీ. ముఖాలు నాలుగు అంటుతాయి, మొత్తం 1200 చదరపు సెం.మీ. జిగురు. ఇంత ఉన్నాక మూలకు ఇనుప ప్లేట్లు అక్కర్లేదు.

షీటు పై పొర నార దిక్కు ప్రతి ముక్కకూ పొడవునా వచ్చేలా గీసుకోండి. ప్యానెల్ సా ఉన్న కొట్లో కోయించుకుంటే అంచులు మూలమట్టానికి సరిగ్గా వస్తాయి. చేతి సర్క్యులర్ సాతో నాలుగు గంటలు పట్టే పని అక్కడ అరగంటలో అయిపోతుంది. ఒకే కొలత ముక్కలన్నీ మిషన్‌ను కదిలించకుండా ఒకేసారి కోయమని అడగండి. టేపుతో ఒక్కోటి విడిగా కొలిచి కోస్తే ఏ రెండూ ఒక్కలా రావు.

పై చేతిలో కిటికీ

పై ఇరుసు కదలాలి. బ్లేడు బిగించడానికి పైకీ కిందికీ జరగాలి, బ్లేడు చక్రం మధ్యలో నడవడానికి కొంచెం వాలాలి. ఆ ఇరుసు కూర్చునే దిమ్మకు పై చేతిలో 80 మి.మీ. వెడల్పు, 120 మి.మీ. ఎత్తు ఉన్న కిటికీ కావాలి. కిటికీకి పైన 50 మి.మీ. చెక్క మిగలాలి, కింద 30. బిగించే మర పైనుంచి లాగుతుంది కాబట్టి పై పట్టీనే లావుగా ఉంచాను.

కొలతలన్నీ చేయి కుడి చివర నుంచే వేయండి, అంటే స్తంభం లేని చివర నుంచి. కొన్ని పొరల్లో చేయి 330, కొన్నింటిలో 480 ఉంటుంది, ఎడమ నుంచి కొలిస్తే కిటికీలు తలా ఒకచోట పడతాయి. కుడి చివర నుంచి 170 మి.మీ. దగ్గర ఇరుసు గీత, కిటికీ 130 నుంచి 210 దాకా. కింది చేతిలోనూ ఇరుసు గీత కుడి నుంచి 170 దగ్గరే, ఫ్రేమ్ అడుగు నుంచి 90 మి.మీ. ఎత్తులో.

ఒకసారి సరిచూసుకుందాం. కిటికీ మధ్య ఫ్రేమ్ పై అంచు నుంచి 110 దగ్గర ఉంది. 830 నుంచి 110, 90 తీసేస్తే 630. సరిపోయింది.

కిటికీని అంటించక ముందే ఒక్కో ముక్కలో కోసుకోవాలి. 90 మి.మీ. మందంలో జిగ్‌సా బ్లేడు నిటారుగా దిగదు. నాలుగు మూలల్లో 12 మి.మీ. రంధ్రాలు వేసి, వాటి మధ్య జిగ్‌సాతో కోయండి. గీతకు రెండు మి.మీ. లోపలే కోసి, మిగిలింది అంటించాక ఉలితో, ఆకురాయితో సాఫు చేసుకోవచ్చు.

అంటించడం

ఈ భాగానికి తొందరపడకండి. నేను రోజుకు ఒక పొర చొప్పున నాలుగు రోజులు తీసుకున్నాను.

ముందుగా చదునైన జాగా కావాలి. ఇంట్లో నిజంగా చదునైనది ఏదీ ఉండదు, నేలా కాదు, డైనింగ్ టేబులూ కాదు. బెంగళూరులో ఉన్నందుకు దొరికిన అదృష్టం గ్రానైట్. జిగణి వైపు పాలిష్ యూనిట్లలోనూ, వీధి చివర వంటింటి గట్లు వేసేవాళ్ల దగ్గరా తుంపులు పడి ఉంటాయి. 3×2 అడుగుల తుంపు చాలు. కొనే ముందు అల్యూమినియం బాక్స్ పైపు నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద నుంచి వెలుతురు కనబడుతుందేమో చూడండి. పాలిష్ చేసిన రాయి కూడా ఒక్కోసారి వంగి ఉంటుంది. దాన్ని గట్టి బెంచీ మీద ఊగకుండా పెట్టి, పైన ప్లాస్టిక్ షీటు పరవండి, లేకపోతే ఫ్రేమ్ రాయికే అంటుకుంటుంది.

మొదట జిగురు లేకుండా ఐదు పొరలూ పేర్చి చూసుకోండి. ముక్కలకు నంబర్లు రాయండి. ఇరుసు రంధ్రాలు, బోల్టులు వచ్చే చోట్ల ఎర్ర పెన్సిల్‌తో 'స్క్రూ వద్దు' అని రాసి పెట్టుకోండి. లోపల దాగిన స్క్రూ మీద డ్రిల్ బిట్ పడితే బిట్టూ పోతుంది, రంధ్రమూ పక్కకు జరుగుతుంది.

జిగురు ఫెవికాల్ మెరైన్ వాడాను. పలచగా, ఖాళీ లేకుండా, రెండు ముఖాలకూ పూయాలి. పాత ఏ.టి.ఎం. కార్డు అంచుకు చిన్న గాట్లు పెట్టుకుంటే సమంగా పరుచుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, ఒక చివర పూసి రెండో చివరకు వచ్చేసరికి మొదటిది పొర కడుతుంది. ఉదయం ఏడింటికి మొదలుపెడితే తీరిగ్గా అవుతుంది.

తడి జిగురు మీద క్లాంపు బిగిస్తే ముక్క సబ్బులా జారుతుంది. జిగురు మీద నాలుగైదు చోట్ల చిటికెడు ఉప్పు చల్లండి. పలుకులు రెండు ముఖాల్లోకీ దిగి ముక్కను పట్టేస్తాయి. క్లాంపులు అంచులకే అందుతాయి కాబట్టి మధ్యలో 30 మి.మీ. స్క్రూలు దింపండి. రెండు పొరలు కలిపి 36 మి.మీ., కాబట్టి స్క్రూ అవతలికి రాదు. అంచు వెంట ప్రతి 15 సెం.మీ.కు ఒక క్లాంపు, దాని కింద చెక్క తుంపు. అంచుల నుంచి జిగురు సన్నని పూసల్లా వరసగా బయటికి రావాలి. ఎక్కడైనా రాకపోతే అక్కడ జిగురు చాలలేదు, వెంటనే విప్పి మళ్లీ పూయండి.

క్లాంపులు బిగించాక, జిగురు ఆరక ముందు, మెలిక చూడాలి. రెండు అడుగుల అల్యూమినియం పైపులు రెండు తీసుకోండి. ఒకటి పై చేయి మీద, ఒకటి కింది చేయి మీద అడ్డంగా పెట్టండి. కొంచెం దూరంగా కూర్చుని, ఒక కన్ను మూసి, మొదటి పైపు పై అంచు మీదుగా రెండోదాని అంచు చూడండి. రెండూ ఒకే గీతలా కలిసిపోతే మెలిక లేదు. ఒక చివర తేలి ఉంటే ఆ మూల కింద పేక ముక్క పెట్టి మళ్లీ బిగించండి. నా మొదటి ఫ్రేమ్‌కు ఈ ఐదు నిమిషాల పని చేసి ఉంటే సరిపోయేది. ప్రతి పొరకూ చూడండి. ఒక పొరలో వచ్చిన మెలికను తర్వాతి పొర తీసేయదు, గట్టిపరుస్తుంది.

ప్రతి పొరనూ రాత్రంతా క్లాంపుల్లో ఉంచండి. ఐదో పొర అయ్యాక ఫ్రేమ్‌ను వారం రోజులు నీడలో నిలబెట్టండి, గోడకు ఆనించకుండా. తర్వాత అంచులు రందాతో చిత్రిక పట్టి సమం చేయండి.

కింది ఇరుసు

కింది చక్రానికి 20 మి.మీ. ఇరుసు, రెండు యు.సి.ఎఫ్. 204 ఫ్లాంజ్ బేరింగులు, అంటే నాలుగు బోల్టులతో చదునైన ముఖానికి బిగించే రకం. ఒకటి ఫ్రేమ్ ముందు ముఖానికి, ఒకటి వెనక ముఖానికి. ఎస్.జె.పి. రోడ్డులో ఇవి దొరుకుతాయి, అక్కడ చాలా కొట్లలో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఈ బేరింగు లోపలి గోళం కొంచెం అటూ ఇటూ వాలుతుంది, అందుకే ఒక్కటి చాలదు. రెండూ కలిస్తేనే ఇరుసు దిక్కు మారదు.

ఇరుసు కోసం 30 మి.మీ. రంధ్రం వేయండి, 20 కాదు. ఇరుసును పట్టుకోవాల్సింది బేరింగులు, చెక్క కాదు. రెండు ముఖాల మీదా గీసుకుని సగం ముందు నుంచి, సగం వెనక నుంచి హోల్ సాతో కోస్తే ఒకవైపు చీలదు. బేరింగు బోల్టులు ఎం10, అంటే 10 మి.మీ. లావువి. వాటికి 12 మి.మీ. రంధ్రాలు వేస్తే సర్దుకోవడానికి వెసులుబాటు ఉంటుంది.

ఇప్పుడు ఇరుసు ఫ్రేమ్ ముఖానికి నిటారుగా ఉందా లేదా చూడాలి. మూలమట్టం ఆనిస్తే 10 సెం.మీ. మేరకే తెలుస్తుంది, అది చాలదు. ఇరుసు చివర 25 సెం.మీ. పొడవున్న చెక్క పుల్ల అడ్డంగా బిగించండి, దాని కొసకు ఒక స్క్రూ, ఫ్రేమ్ ముఖానికి దాదాపు తగిలేలా. ఇరుసును మెల్లగా తిప్పండి. కొస గడియారం ముల్లులా తిరుగుతుంది. అది ఫ్రేమ్ మీదుగా పోయే ప్రతి చోటా సందు ఒకేలా ఉండాలి. చెక్క లేని వైపు ఫ్రేమ్ ముఖానికి ఒక సాఫైన పట్టీ క్లాంపు చేసి దాని మీద కొలవండి. తేడా అర మిల్లీమీటరు లోపు ఉంటే చాలు. ఎక్కువుంటే వెనక బేరింగును ఆ మేరకు జరపండి.

నాకు ఇది ఒక పూట పట్టింది. తాత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇంగొక తూరి తిప్పప్పా" అంటూనే ఉన్నారు.

పై దిమ్మ, మర

దిమ్మకు ప్లైవుడ్ వద్దు. ఇక్కడ బరువంతా ఒక చిన్న చోట పడుతుంది. బండి చక్రాలకు వాడే నల్ల తుమ్మ దీనికి చక్కగా సరిపోతుంది, టేకు కూడా పర్వాలేదు. దిమ్మ 80 మి.మీ. ఎత్తు, కిటికీలో వెడల్పుకు ఒక మిల్లీమీటరు తక్కువ. కిటికీ ఎత్తు 120 కాబట్టి దిమ్మ పైకీ కిందికీ 20 మి.మీ. చొప్పున జరుగుతుంది. దీనిలో 20 మి.మీ. ఇరుసు తిరగకుండా బిగుసుకుని ఉంటుంది, చక్రమే దాని మీద 6204 బేరింగులతో తిరుగుతుంది.

దిమ్మ నుంచి ఎం12 మర రాడ్డు పై పట్టీ గుండా పైకి వస్తుంది. పట్టీ మీద 6 మి.మీ. ఇనుప ప్లేటు, దాని మీద గట్టి స్ప్రింగు, వాషర్, నట్టు. నట్టు తిప్పితే స్ప్రింగు నలిగి రాడ్డును పైకి లాగుతుంది. ఎం12 మర ఒక చుట్టుకు 1.75 మి.మీ. కదులుతుంది.

బిగువు ఎంతో కొలవడానికి మీటరు అక్కర్లేదు. స్ప్రింగును రాడ్డుకు తొడిగి నేల మీద నిలబెట్టి, పైన రంధ్రం ఉన్న పలక పెట్టి, దాని మీద 25 కిలోల బియ్యం బస్తాలు రెండింటిని పక్కలకు పడిపోకుండా పెట్టండి. స్ప్రింగు ఎన్ని మి.మీ. నలిగిందో చూడండి. 8 మి.మీ. నలిగితే 115 కిలోలకు సుమారు 18 మి.మీ. నలగాలి. ఆ గుర్తును రాడ్డు పక్కన చెక్క మీద గీసి పెట్టుకోండి.

వాలు కోసం దిమ్మ వెనక 3 మి.మీ. సందు వదిలి, దిమ్మ కింది భాగాన్ని వెనక నుంచి నెట్టేలా ఒక ఎం8 బోల్టు పెట్టండి. దిమ్మ ముందుకు రాకుండా కిటికీ ముందు అంచుల మీద రెండు పట్టీలు.

స్టాండు, మోటారు

ఫ్రేమ్ అడుగు నేల నుంచి 660 మి.మీ. ఎత్తులో ఉంటే టేబుల్ నడుము ఎత్తుకు, దాదాపు మీటరుకు వస్తుంది. కింది చక్రం ఫ్రేమ్ అడుగు కంటే దాదాపు 9 సెం.మీ. కిందికి దిగుతుంది, స్టాండులో దానికి జాగా వదలండి. స్టాండు అడుగున రెండు ఇటుకలో, ఇసుక సంచో పెడితే మిషన్ నడక మారిపోతుంది.

1 హెచ్.పి., 1440 ఆర్.పి.ఎం. సింగిల్ ఫేజ్ మోటారు. మోటారుకు 4 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 7 అంగుళాలది, మధ్య ఏ సెక్షన్ వి బెల్టు. చక్రం నిమిషానికి 823 చుట్లు, బ్లేడు నిమిషానికి సుమారు 900 మీటర్లు. చెక్క కోతకు ఇది సరైన వేగం.

స్విచ్ విషయంలో మాత్రం ఖర్చు చూడకండి. మామూలు స్విచ్ పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ దానంతట అదే మొదలవుతుంది. ఆ సమయంలో మన చేయి బ్లేడు దగ్గర ఉండొచ్చు. డి.ఓ.ఎల్. స్టార్టర్ పెడితే కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఎర్తింగ్ తప్పనిసరి. రెండు చక్రాలకూ 6 మి.మీ. ప్లై మూతలు, స్తంభం వైపు పైకి వెళ్లే బ్లేడుకు చెక్క కాలువ లేకుండా ఒక్కసారి కూడా మోటారు వేయకండి. బ్లేడు తెగితే అది ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మొదటి కోత

బ్లేడు ఎక్కించి స్ప్రింగు గుర్తు దాకా బిగించండి. అప్పుడు పొడవాటి అల్యూమినియం పైపును రెండు చక్రాల అంచులకూ నిలువుగా ఆనించండి. నాలుగు చోట్లా తగలాలి. బ్లేడు వదులుగా ఉన్నప్పుడు చూసిన కొలతను నమ్మకండి, బిగువులో ఫ్రేమ్ ఎంతో కొంత కదిలే ఉంటుంది. పై చక్రం ముందుకో వెనక్కో ఉంటే దాని ఇరుసు మీద వాషర్లతో సర్దండి.

చేత్తో ఇరవై చుట్లు తిప్పండి. బ్లేడు చక్రం మధ్యలోనే నిలవాలి, పక్కకు జారుతుంటే ఎం8 బోల్టు పావు చుట్టు చొప్పున తిప్పండి. తర్వాత మూతలు పెట్టి, బ్లేడుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, మోటారు రెండు సెకన్లు వేసి ఆపండి. అంతా సవ్యంగా ఉంటే ఐదు నిమిషాలు ఖాళీగా నడపండి. ఆ తర్వాతే కోత, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని. ప్లైవుడ్ పొట్టులో జిగురు కూడా ఉంటుంది.

కోత బాగా వచ్చాక అన్నీ విప్పి ఫ్రేమ్‌కు పాలీయూరిథేన్ రెండు పూతలు వేయండి. ముఖ్యంగా ప్లైవుడ్ అంచులకు, కిటికీ లోపలి గోడలకు, రంధ్రాల లోపలికి. తేమ దూరేది అక్కడినుంచే.

పని అయ్యాక ప్రతిసారీ నట్టు నాలుగు చుట్లు వదులు చేయండి. తెల్ల జిగురు విరగకపోయినా, రాత్రింబవళ్లు 115 కిలోలు మోస్తుంటే మెల్లమెల్లగా సాగుతుంది. మొదటి వారం తర్వాత బేరింగు బోల్టులు మళ్లీ బిగించండి, వాషర్ల కింద ప్లైవుడ్ నలిగి అవి వదులవుతాయి. మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పుల్ల కట్టి ఇరుసు తిప్పి చూడండి. నా ఫ్రేమ్‌కు ఇప్పటిదాకా ఒక్కసారే, రెండో ఆగస్టులో, వెనక బేరింగును కొంచెం జరపాల్సి వచ్చింది.